అంగన్‌వాడీలో ఆరు రోజులు

పశ్చిమ కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో మూడేళ్ళు నిండిన బిడ్డ ఇల్లు దాటి మొదట అడుగు పెట్టే బడి అంగన్‌వాడీ. పట్నంలో ఎల్‌కేజీ, యూకేజీ బోర్డులు తగిలించిన నర్సరీలు ఎన్ని ఉన్నా, కూలికి పోయే ఇంటి బిడ్డకూ, మగ్గం మీద బతికే ఇంటి బిడ్డకూ, పల్లెల్లో చాలామంది పిల్లలకూ తొలి బడి ఇదే. ఒక గది, ముందు వరండా, పక్కన వంటకు ఇంత చోటు, గోడల మీద పండ్ల బొమ్మలూ జంతువుల బొమ్మలూ, ఒక మూల బియ్యం బస్తా, గుడ్ల ట్రేలు, బరువు చూసే యంత్రం. సొంత కట్టడం ఉన్నచోట ఇలా ఉంటుంది. అద్దె ఇంట్లో నడిచేచోట వరండా ఉండదు, పిల్లల ఆట వాకిట్లోనే. నడిపేవాళ్ళు ఇద్దరు, టీచరమ్మా ఆయమ్మా. సోమవారం నుంచి శనివారం దాకా ఆ గదిలో జరిగే పని బయటివాళ్ళకు బువ్వ పెట్టి పడుకోబెట్టడంగానే కనబడుతుంది. నిజానికి ఆ ఆరు రోజులకు ఒక వరస ఉంది. ఈ వయసు పిల్లలు నేర్చుకునేది చాలావరకు ఆ వరస పదే పదే తిరిగి రావడం వల్లనే.

చిన్నపిల్లల బడి తొలి అడుగుల్లో ఒకటి పడింది కార్మికుల పేటలోనే. 1816లో స్కాట్లాండులోని న్యూ లానార్క్ అనే నూలుమిల్లు ఊళ్ళో రాబర్ట్ ఓవెన్ మిల్లు పనివాళ్ళ పిల్లల కోసం శిశు పాఠశాల తెరిచాడు. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ ఆటవస్తువులతో చదువు మొదలుపెట్టాడు. కిండర్‌గార్టెన్ అన్న పేరు ఆ బడికి మూడేళ్ళ తర్వాత వచ్చింది. మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పాడు. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసులోని అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. మన దేశంలో ఆ బళ్ళు ఎక్కువగా స్తోమత ఉన్నవాళ్ళ పిల్లలకు అందాయి. బీదవాళ్ళ వాకిట్లోకి బడిని తెచ్చినది తారాబాయి మోదక్. ఆమె అనుతాయి వాఘ్ తోడుగా 1945లో ఇప్పటి మహారాష్ట్ర తీరాన ఉన్న బోర్డీలో పని మొదలుపెట్టింది. బడికి రాని పిల్లల దగ్గరికే బడి పోవాలన్నది ఆమె పద్ధతి. అంగన్‌వాడీ అన్న పేరూ ఆ పని నుంచే వచ్చింది. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని, అంటే ఐసీడీఎస్‌ను ప్రారంభించినప్పుడు ఆ పేరే తీసుకుంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కేంద్రాలు 55 వేల పైచిలుకు. ఆరేళ్ళలోపు పిల్లలకూ, గర్భిణులకూ, బాలింతలకూ అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, పూర్వ ప్రాథమిక విద్య, ఇలా ఆరు సేవలు ఆ ఒక్క గది నుంచే అందాలి.

పశ్చిమ కర్నూలులో ఈ బడి నడిచే తీరుకు ఊరి బతుకే మూలం. ఆదోని పత్తి ఊరు. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఇక్కడి యార్డు ఒకటి. దాని చుట్టూ జిన్నింగు మిల్లులు, వాటిలో పత్తి ఏరే ఆడకూలీలు. ముప్పై మందికి పైగా ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో పసిపిల్లల కోసం ఒక గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. అయితే రోజుకూలి మీద, సీజను మీద నడిచే పనిలో బిడ్డను కనిపెట్టుకునేది ఎక్కువగా అవ్వో, అక్కో, అంగన్‌వాడీ ఆయమ్మో. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. అక్కడ 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘం దేశంలో పేరు తెచ్చుకుంది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. గుంట మగ్గం ఇంట్లోనే ఉంటుంది కాబట్టి నేతగాళ్ళ బిడ్డ పుట్టినప్పటి నుంచీ దారాల రంగులు, కండెలు, మగ్గం చప్పుడు చూస్తూ వింటూ పెరుగుతుంది. చుట్టూ పల్లెల్లో తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు అందేచోట వరి, అందని నల్లరేగడిలో పత్తి, శనగ, ఎర్రనేలలో బుడ్డలు. వేరుశనగను ఇక్కడ బుడ్డలనే అంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆదోని పట్టణ జనాభా లక్షా 60 వేలు దాటింది, ఎమ్మిగనూరుది దాదాపు 95 వేలు. అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఆగింది. కోసిగి వంటి పడమటి మండలాల్లో అది ఇంకా తక్కువ. అంగన్‌వాడీకి వచ్చే చాలామంది పిల్లల ఇళ్ళల్లో తల్లికి చదువు లేదు, పుస్తకం ఉండదు, కాగితం మీద అక్షరం కనబడేది రేషన్ కార్డు మీదో బుడ్డల నూనె ప్యాకెట్టు మీదో.

ఉదయం తొమ్మిది గంటల వేళకు పిల్లలు వస్తారు. చాలామందిని ఆయమ్మ ఇళ్ళకు పోయి పిలుచుకొస్తుంది. కొత్తగా చేరిన బిడ్డకు మొదటి వారాలు ఏడుపుతోనే సరి. తల్లి గడప దాటగానే ఏడుపు, గుడ్డు చేతికి వచ్చేటప్పటికి సగం ఏడుపు, మధ్యాహ్నానికి నిద్ర. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో విడుదల చేసిన 'ఆధారశిల' పాఠ్యప్రణాళిక ఈ సంగతి గుర్తుపెట్టుకునే తయారైంది. దాని లెక్క ఏడాదికి 48 వారాలు. అందులో మొదటి 4 వారాలు పాటలు, గెంతులు, ఒకరినొకరు తెలుసుకోవడం, అంతే. తర్వాత 36 వారాలు ఆటలు, కథలు, కబుర్లు, బొమ్మలు. చివరి 8 వారాలు నేర్చుకున్నదాన్ని కొంచెం కష్టం చేసి మళ్ళీ చేయించడం. మూడేళ్ళవాళ్ళు, నాలుగేళ్ళవాళ్ళు, ఐదేళ్ళవాళ్ళు ఒకే గదిలో కూర్చునే అంగన్‌వాడీకి తగినట్టు, అందరూ కలిసి చేసే పనులుగా దాన్ని కూర్చారు. మూడేళ్ళ బిడ్డ ఐదేళ్ళ బిడ్డను చూసి నేర్చుకుంటుంది. పట్నం నర్సరీల్లో వయసుల వారీగా గదులు వేరు చేయడంతో ఈ లాభం పోయింది.

రోజులో మొదటి అరగంట ఎవరికి నచ్చిన ఆట వాళ్ళది. ఒక మూల చెక్క దిమ్మెలు, ఒక మూల వంట సామాన్ల బొమ్మలు, ఒక మూల బొమ్మల పుస్తకాలు. సరుకు తక్కువగా ఉన్నచోట చింతపిక్కలు, సీసా మూతలు, కొబ్బరి చిప్పలు, మగ్గాల దగ్గర మిగిలిన ఖాళీ కండెలు. చూసేవాళ్ళకు ఇది పొద్దుపుచ్చడమే. కండెల మీద కండె పెట్టి గోపురం కట్టే బిడ్డను కాసేపు గమనిస్తే అసలు సంగతి బయటపడుతుంది. మొదటిసారి చిన్నదాని మీద పెద్దది పెడుతుంది, కూలుతుంది. రెండోసారీ అంతే. మూడో రోజో నాలుగో రోజో పెద్దది అడుగుకు పోతుంది. ఏది పెద్ద, ఏది చిన్న, ఏది ముందు, ఏది తర్వాత అన్న లెక్క చేతికి వచ్చిందన్నమాట. ఎవరూ చెప్పలేదు. రేపు మళ్ళీ అదే మూల, అవే కండెలు అక్కడే ఉంటాయన్న నమ్మకం ఉండబట్టే బిడ్డ నాలుగోసారి ప్రయత్నం చేసింది. పై అధికారుల తనిఖీ ఉందని ఆటసామాను బీరువాలో పెట్టి తాళం వేసే కేంద్రాలూ లేకపోలేదు. విరిగితే లెక్క చెప్పాలన్న భయం టీచరుది. ఆ భయం తీర్చకుండా కొత్త బొమ్మలు ఎన్ని పంపినా ప్రయోజనం తక్కువ.

తర్వాత గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించడం, పాట, కథ. వారానికి ఒక విషయం తీసుకుంటారు: నా ఇల్లు, మా ఊరి జంతువులు, కూరగాయలు, బండ్లు, వాన. కథ మాత్రం రోజుకొకటి మారదు, మారకూడదు. మంచి టీచరు ఒకే కథను వారమంతా చెబుతుంది. సోమవారం పిల్లలు వింటారు. మంగళవారం మధ్యలో ఒక మాట అందిస్తారు. బుధవారం పులి ఎలా అరిచిందో వాళ్ళే అరుస్తారు. గురువారం టీచరు కావాలని తప్పు చెబితే గదంతా లేచి దిద్దుతుంది. శుక్రవారం ఒక బిడ్డ లేచి నిలబడి మొదటి నుంచి చివరిదాకా తనకు తోచినట్టు చెబుతుంది. కథను గుర్తుపెట్టుకోవడం, వరసలో పెట్టడం, ఎదుటివాళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పడం, ఈ మూడూ పుస్తకం చదవడానికి ముందు రావలసిన పనులు. అక్షరానికి ముందు చెవి కూడా సిద్ధం కావాలి. 'ప' శబ్దంతో మొదలయ్యే వస్తువుల పేర్లు చెప్పమంటే పలక, పత్తి, పంది, పాలు అని ఒకరి మీద ఒకరు అరవడం పిల్లలకు ఆట. ఆ ఆట ఆడిన బిడ్డకు 'ప' అక్షరం బలపంతో దిద్దేటప్పుడు అదేమిటో ముందే తెలుసు.

లెక్కలదీ ఇదే దారి. ఒకటి నుంచి పది దాకా గడగడా చెప్పే బిడ్డ ముందు చింతపిక్కల కుప్ప పోసి నాలుగు ఇమ్మంటే పిడికెడు తీసి ఇస్తుంది. అంకెల పేర్లు వల్లించడం వేరు, 'నాలుగు' అంటే ఎన్నో తెలియడం వేరు. ఈ రెండోది చాలామంది పిల్లలకు మూడున్నర, నాలుగేళ్ళ మధ్య నిదానంగా వస్తుంది. అది రావాలంటే రోజూ లెక్కపెట్టే అవసరం కలగాలి. అంగన్‌వాడీలో ఆ అవసరానికి కరువు లేదు. ఈ పొద్దు ఎంతమంది వచ్చారు, ఎన్ని పళ్ళేలు తీయాలి, ఎన్ని గుడ్లు ఉడకబెట్టాలి? ఒక బిడ్డను లేపి తలకొక పళ్ళెం పెట్టమంటే, ఒక పళ్ళెం తక్కువైనప్పుడు అది ఎవరికి తక్కువైందో ఆ బిడ్డే కనిపెడుతుంది. పత్తి కాయ, బుడ్డ కాయ, శనగ కాయ కలిపి పోసి వేరు చేయమనడం, కండెలను రంగుల వారీగా పేర్చమనడం, పెద్ద చెంబులో ఎన్ని చిన్న గ్లాసుల నీళ్ళు పడతాయో పోసి చూడమనడం, ఇవన్నీ గణితమే. జాతీయ విద్యా విధానం 2020 మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఐదేళ్ళను కలిపి పునాది దశ అన్నది. 2022 అక్టోబరులో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆ దశలో చదువు ఆట మీద నడవాలని చెప్పింది. 2023లో ఆటసామానుతో కూడిన 'జాదూయీ పిటారా' పెట్టె కూడా తయారైంది. పెట్టె చేరినా చేరకపోయినా పశ్చిమ కర్నూలు కేంద్రాల్లో చింతపిక్కలకు కొదువ రాలేదు.

మధ్యాహ్నం భోజనం రోజు మొత్తానికి నడుమ గుంజ. 2013 ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడు మూడు నుంచి ఆరేళ్ళ బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలని పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి గుడ్డూ పాలూ కలిశాయి. అన్నం, పప్పు, కూరగాయలు, రోజూ కోడిగుడ్డు, 100 మిల్లీలీటర్ల పాలు. మూడేళ్ళలోపు పిల్లలకు బాలామృతం పొడి ఇంటికే ఇస్తారు. పప్పు ఒక రోజు ఆకుకూరతో, ఒక రోజు టమాటాతో, ఒక రోజు సాంబారుగా మారుతుంది. వారం గుర్తుకు పిల్లలకు ఇంతకన్నా మంచి క్యాలెండరు లేదు. నాలుగేళ్ళ బిడ్డకు గురువారం అన్న పేరు తెలియదు గాని, ఈ పొద్దు ఏ పప్పో చెప్పగలదు. జొన్నరొట్టె, సంగటి తినే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు మొదట్లో తెల్లన్నం పండగ. కొర్రలు, సజ్జలు, రాగులు ఈ నేల పంటలే అయినా పిల్లల పళ్ళెంలో వాటి వాటా చిన్నది. చేతులు కడుక్కోవడం, వరసలో కూర్చోవడం, అందరికీ వడ్డించేదాకా ఆగడం, పక్కవాడి గుడ్డు మీద చేయి వేయకపోవడం అన్నం దగ్గరే అలవడతాయి. గుడ్డు పెంకు తీయడం కూడా చిన్న విద్య కాదు. బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టే పట్టు ఆ పెంకు మీద కుదురుకుంటుంది. అదే పట్టు రేపు బలపానికి పనికొస్తుంది.

బువ్వ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, 29.6 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేరు. ఆరు నెలలు దాటిన చిన్నపిల్లల్లో 63.2 శాతానికి రక్తహీనత. రక్తం తక్కువైన బిడ్డ కథ మధ్యలోనే కునుకు తీస్తుంది, గోపురం ఒకసారి కూలితే మళ్ళీ కట్టదు. దాన్ని మొద్దుతనం అనుకునే ప్రమాదం ఉంది. అందుకే అంగన్‌వాడీ వారంలో ఆరోగ్యానికీ చోటుంది. ఐదేళ్ళలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ పడాలి. ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం వచ్చి టీకాలు వేసేది వాడుకగా బుధవారం, శనివారం. ఐదేళ్ళు దాటిన బిడ్డకు డీపీటీ రెండో బూస్టరు ఆ రోజుల్లోనే పడుతుంది. సూది పడిన బిడ్డను చూసి మిగతావాళ్ళంతా ఏడుస్తారు కాబట్టి ఆ పూట పాఠం సాగదు, ఆటే. నెలకొకసారి బరువు, ఎత్తు చూసి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కిస్తారు. బిడ్డ బరువు ఆకుపచ్చ గీతల మధ్య ఉంటే సరే. పసుపులోకి జారితే తల్లితో మాట్లాడాలి, ఎరుపులోకి జారితే వైద్యునికి చూపించాలి. ఐదేళ్ళలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత టేపు మీద 11.5 సెంటీమీటర్లకు తక్కువ చూపిస్తే అది తీవ్రమైన పోషకాహార లోపం. అలాంటి బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాలంటే తల్లి కూడా రెండు వారాలు అక్కడే ఉండాలి. రెండు వారాల కూలి పోతుందని వెనక్కి లాగేవాళ్ళే ఎక్కువ.

అన్నం తిన్నాక కాసేపు నిద్ర. లేచాక వాకిట్లో ఆట. తొక్కుడుబిళ్ళ, చెమ్మచెక్క, కళ్ళకు గంతలు, రైలాట. గుంతకల్లు లైను మీద ఉన్న ఊళ్ళలో ఈ చివరి ఆటకు గిరాకీ ఎక్కువ. ఆ తర్వాత తల్లులు వస్తారు. అప్పుడు మొదలయ్యేది పలక పంచాయితీ.

"ఈ పొద్దు ఏం రాసిచ్చినారు టీచరమ్మా?"

"ఈ పొద్దు రాయలేదక్కా. మట్టితో లడ్లు చేసినారు, కథ చెప్పినారు."

"మట్టి ఇంటికాడా ఉండాది గదమ్మా. పక్కింటి పాప ఏబీసీడీ రాస్తాండాది."

ఆ తల్లి అడిగిన దాంట్లో తప్పు లేదు. తనకు చదువు లేదు. బిడ్డ చదువుకు ఆమెకు కనబడే గురుతు పలక మీది గీతే. కానీ చేయి సిద్ధం కాకముందు పలక బిడ్డకు శిక్ష. మామూలుగా మూడేళ్ళ బిడ్డ చూసి సున్న గీయగలదు, నాలుగేళ్ళు దాటాక నలుచదరం, ఐదేళ్ళకు త్రికోణం. మట్టి పిసకడం, బుడ్డలు ఒలవడం, పూసలు గుచ్చడం, నేల మీద ముగ్గుపిండితో గీతలు లాగడం, ఇవి చేసిన వేళ్ళకు 'అ' అక్షరంలోని మెలికలు తిరగడం తేలిక. తెలుగు అక్షరాల్లో తిన్నని గీతలకన్నా గుండ్రని మెలికలే ఎక్కువ కాబట్టి ఈ ముందరి పని మన పిల్లలకు మరీ అవసరం. నెలకొకసారి తల్లులను పిలిచి పిల్లలు చేసిన బొమ్మలు, పనులు చూపించే రోజు ఒకటి పెట్టారు. దాన్ని ఈసీసీఈ డే, అంటే బాల్య సంరక్షణ, విద్య రోజు అంటారు. టీచరు ఎంత చెప్పినా నమ్మని తల్లి, తన బిడ్డ పదిమంది ముందు నిలబడి కథ చెప్పడం చూస్తే ఒక నెల పాటు పలక మాట ఎత్తదు.

ప్రైవేటు నర్సరీల బలం ఈ పలక దగ్గరే ఉంది. బూట్లు, టై, ఇంగ్లీషు పద్యాలు, రెండు పుటల హోంవర్కు. నెలకు ఫీజు కట్టేవాళ్ళకు కనబడే సరుకు కావాలి, నర్సరీ ఆ సరుకునే అమ్ముతుంది. అంగన్‌వాడీలో గుడ్డు తిని, వేరే నర్సరీలో ఇంగ్లీషు అక్షరాలు దిద్దే పిల్లలు కూడా పట్నంలో ఉన్నారు. రెండుచోట్లా పేరు ఉంటుంది. ప్రభుత్వం ఈ పోటీని గమనించి అంగన్‌వాడీల్లోనూ పూర్వ ప్రాథమిక తరగతులుగా పీపీ-1, పీపీ-2 అన్న పేర్లు తెచ్చింది. 2022 జూన్‌లో వచ్చిన 117 నంబరు జీవో అంగన్‌వాడీలనూ ఒకటి, రెండు తరగతులనూ కలిపి పునాది బడులుగా మార్చాలంది. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. పేర్లు, బోర్డులు మారినంత త్వరగా గది లోపలి పని మారదు. అదే టీచరమ్మ, అదే ఆయమ్మ, అవే చింతపిక్కలు.

టీచరమ్మ మీద ఉన్న బరువు కూడా చెప్పుకోవలసిందే. పిల్లల హాజరు, సరుకుల లెక్క, గర్భిణుల వివరాలు, బరువులు, ఫోటోలు, యాప్‌లో ముఖ గుర్తింపు. సిగ్నల్ అందని పల్లెలో ఫోను పట్టుకుని మిద్దె ఎక్కితే, ఆ పూట కథ ఆయమ్మ చెప్పాలి. 2023 డిసెంబరు 12 నుంచి 2024 జనవరి 22 దాకా రాష్ట్రమంతటా అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. పూర్వ ప్రాథమిక విద్య గురించి ఎన్ని ప్రణాళికలు వచ్చినా వాటిని అమలు చేసేది ఆ జీతాల మీద బతికే ఈ ఇద్దరే.

భాష మరో చిక్కు, అదే సమయంలో ఒక కలిమి కూడా. కర్ణాటక సరిహద్దు కౌతాళం, హొళగుంద, హాలహర్వి మండలాలకు ఆనుకునే ఉంది. అక్కడి పల్లెల్లో ఇంటి మాట కన్నడమైన పిల్లలు చాలామంది. ఆదోని పట్నంలో ఉర్దూ మాట్లాడే వాడలు పెద్దవి. తెలుగు ఇళ్ళల్లో మాట్లాడేది కూడా పుస్తకంలోని తెలుగు కాదు, కర్నూలు పడమటి తెలుగు. ఒకే గదిలో పాలను ఒక బిడ్డ పాలనీ, ఒక బిడ్డ హాలనీ, ఒక బిడ్డ దూద్ అనీ అడుగుతుంది. ఎనిమిదేళ్ళ దాకా చదువు ఇంటి భాషలో సాగితే మంచిదని జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం అంటుంది. ఒక టీచరు మూడు ఇంటి భాషల్లో చెప్పలేదు గాని, ఈ ప్రాంతపు టీచర్లు చాలామందికి రెండు భాషలు నోటికి వచ్చు. కథ తెలుగులో చెప్పి మధ్యలో ఒక మాట కన్నడంలో అందించడం వాళ్ళకు సహజం. బిడ్డ తన మాటలో జవాబు చెబితే అడ్డుకోకుండా ఒప్పుకునే కేంద్రంలో ఆ బిడ్డ కొన్ని నెలల్లో తెలుగూ మాట్లాడుతుంది. మొదటి రోజు నుంచే తెలుగులో చెప్పు అని గదమాయించినచోట నోరే మూసుకుంటుంది.

అంగన్‌వాడీ వరసకు ఈ సీమలో వచ్చే పెద్ద దెబ్బ సుగ్గి, అంటే కూలి కోసం పోయే వలస. ఖరీఫ్ పని అయిపోయాక, నవంబరు, డిసెంబరు నెలల నుంచి కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, నందవరం మండలాల పల్లెలు ఖాళీ అవుతాయి. ఇంటికి తాళం వేసి, బియ్యం మూట, వంట సామాను, కోళ్ళు, పిల్లలు, అన్నీ లారీల్లో, బొలెరోల్లో ఎక్కించుకుని గుంటూరు, పల్నాడు మిరప కోతలకో, పత్తి తీతకో, బెంగుళూరు కట్టడాల పనికో పోతారు. వానలు మొహం చాటేసిన ఏడాది ఇంకా ముందే పోతారు. వేసవి ముదిరేదాకా తిరిగిరారు. బడి ఈడు పిల్లలను ఊళ్ళోనే నిలపడానికి సమగ్ర శిక్ష పథకం సీజనల్ హాస్టళ్ళు నడుపుతుంది. అవి బడిలో పేరున్న పిల్లలకే. మూడు, నాలుగేళ్ళ బిడ్డకు అక్కడ చోటు లేదు. అవ్వ ఓపిక ఉంటే ఆమె దగ్గర, లేకుంటే తల్లి వెంట మిరప చేను గట్టు మీద. కొంచెం పెద్దపిల్ల చేతిలో చంటిబిడ్డ ఉంటుంది కాబట్టి పెద్దపిల్ల బడీ పోతుంది. డిసెంబరు నాటి హాజరు పట్టీలో సగం పేర్ల ఎదుట గీతలు పడిన కేంద్రాలు ఈ మండలాల్లో ఏటా కనబడతాయి.

నిబంధన ప్రకారం ఐసీడీఎస్ సేవలు బిడ్డ ఎక్కడుంటే అక్కడ అందాలి. పోషణ్ ట్రాకర్‌లో ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి పేరు మార్చే ఏర్పాటూ ఉంది. అయితే చేలలో గుడారాలు వేసుకున్న కుటుంబానికి దగ్గరి అంగన్‌వాడీ రెండు మూడు మైళ్ళ దూరంలో ఉంటుంది. తెల్లారకముందే కోతకు దిగే తల్లి బిడ్డను అక్కడ దింపి రాలేదు, అక్కడి టీచరుకు ఈ బిడ్డ ఉన్న సంగతే తెలియదు. అందువల్ల పేరు యాప్‌లో మారినా గుడ్డు చేతికి రాదు. కొన్ని నెలల తర్వాత తిరిగొచ్చిన బిడ్డ మళ్ళీ మొదటి వారం బిడ్డే. గడప దగ్గర ఏడుపు మళ్ళీ మొదలవుతుంది. కథలో పులి అరిచే చోటు గుర్తుండదు. వరసలో ఆగడం మరిచిపోయి పక్కవాడి పళ్ళెం లాక్కుంటుంది. బరువు పట్టీలో గీత కిందికి దిగి ఉంటుంది. ఆ గీతను మళ్ళీ పైకి తేవడానికి ఎండాకాలం చాలదు. అందుకే అనుభవం ఉన్న టీచర్లు సుగ్గికి ముందే అవ్వలను పిలిచి మాట్లాడతారు. ఏ ఇంట్లో ముసలామె ఉంది, ఏ బిడ్డను వదిలిపోవచ్చు, ఆ ముసలామెకు పొద్దున్న బిడ్డను పంపే ఓపిక ఉందా అని అడిగి చూసుకుంటారు. ఏ పథకంలోనూ రాయని ఈ పని వల్ల నిలిచిన పిల్లలు ఊరికి కొందరు ఉంటారు.

ఐదేళ్ళు నిండగానే బిడ్డను ఒకటో తరగతిలో చేర్చడం ఇక్కడి అలవాటు. అంగన్‌వాడీ రిజిస్టరులో పేరు కొట్టేసి ప్రాథమిక బడి రిజిస్టరులో ఎక్కిస్తారు. చాలా ఊళ్ళలో రెండూ ఒకే ఆవరణలో ఉన్నా, టీచరమ్మకు బిడ్డ గురించి తెలిసిన సంగతులు పేరుతో పాటు పోవు. ఈ బిడ్డ ఇంట్లో కన్నడం మాట్లాడుతుంది, ఆ బిడ్డకు నాలుగు దాటితే లెక్క తప్పుతుంది, ఇంకో బిడ్డ సుగ్గి నుంచి మే నెలలోనే వచ్చింది అన్న మూడు మాటలు ఒకటో తరగతి పంతులమ్మకు చేరితే చాలా పని తప్పుతుంది. పూర్వ ప్రాథమిక విద్య అందని, లేదా మధ్యలో తెగిన పిల్లల కోసం 2021 జులై 29న కేంద్రం 'విద్యాప్రవేశ్' అనే 12 వారాల ఆటల కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఒకటో తరగతి తొలి మూడు నెలలు పుస్తకం పక్కన పెట్టి కథలు, పాటలు, చింతపిక్కలు, మట్టి. జూన్ 12న బళ్ళు తెరిచే ఏడాదిలో ఆ 12 వారాలు సెప్టెంబరు మొదటి వారానికి ముగుస్తాయి. ఆ తర్వాత సుగ్గి బండ్లు కదిలేదాకా ఒకటో తరగతికి మిగిలేది రెండు నెలల పైన కొన్ని రోజులు.